విప్పి తెచ్చిన ఇళ్ళు, వెంట రాని ఊళ్ళు

ఇంగ్లండ్‌లోని వెస్ట్ ససెక్స్‌లో బేలీఫ్ అనే రైతు ఇల్లు ఒకటుంది. దాని వయసెంత అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. అందులోని పాత దూలాలు 15వ శతాబ్దం మొదట్లో నరికిన ఓక్ చెట్లవి. ఇప్పుడున్న చోట ఇల్లు నిలబడింది 1970ల మొదట్లో. లోపలికి వెళ్తే కనిపించేది 1540 ప్రాంతపు సంసారం. ఆ సంసారంలోని బల్లలు, మంచాలు, పెట్టెలు మాత్రం మన కాలపు వడ్రంగులు చేసినవి.

అసలా ఇల్లు పుట్టింది కెంట్ అనే మరో కౌంటీలో. అక్కడ బౌ బీచ్ దగ్గర రిజర్వాయర్ కట్టాలనుకున్నారు, ఇల్లు ముంపులో పడింది. 1968లో దాన్ని దేనికది విప్పి, భద్రపరిచి, తర్వాత వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియంలో మళ్ళీ నిలబెట్టారు. అంటే నీళ్ళ పాలు కాకుండా బతికిన ఇల్లు. కానీ ఇది పాత ఇల్లేనా, లేక పాత కలపతో కట్టిన కొత్త ఇల్లా?

పాత రైతు ఇళ్ళనూ, చేతిపనులనూ కాపాడే ఆరుబయట మ్యూజియాలన్నిటి మీదా ఈ ప్రశ్న వేలాడుతూనే ఉంటుంది. మామూలు మ్యూజియం ఒక భవనంలో వస్తువులు పెట్టి చూపిస్తుంది. ఇక్కడ భవనాలే వస్తువులు. కుండను అద్దాల పెట్టెలో పెట్టినంత తేలిగ్గా ఇంటిని ఎక్కడా పెట్టలేం. ఎండకు ఎండి, వానకు తడిసి, చెదలు పట్టి, కప్పు పాడై, అది ఎప్పుడూ ఎంతో కొంత చస్తూనే ఉంటుంది. దాన్ని బతికించాలంటే ఎవరో ఒకరు రోజూ పని చేయాలి. ఆ పనే అసలు విషయమని నా ఉద్దేశం. దాని దగ్గరికి వచ్చేముందు ఇలాంటి మ్యూజియాలు ఎందుకు పుట్టాయో చూడాలి.

ఒక భాషా పండితుడు, ఒక పళ్ళ డాక్టరు

1872లో ఆర్తుర్ హజేలియస్ అనే స్వీడన్ భాషా పండితుడు భార్యతో కలిసి డాలర్నా ప్రాంతానికి వెళ్ళాడు. రైళ్ళు, ఫ్యాక్టరీలు వస్తున్నాయి, పల్లెల్లో కట్టూ బొట్టూ మారిపోతున్నాయి, పాత సామాను అటకెక్కుతోంది లేదా పొయ్యిలోకి పోతోంది. ఆయన అక్కడే బట్టలు, పనిముట్లు కొనడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడు స్టాక్‌హోమ్‌లో వాటిని ప్రదర్శనకు పెట్టాడు. కొన్నాళ్ళకి ఆయనకు అర్థమైందేమిటంటే, లంగాను ఇంట్లోంచి తీసుకొస్తే బట్ట వస్తుంది గానీ, దాన్ని కట్టుకున్న బతుకు రాదు. అందుకని ఏకంగా ఇళ్ళనే తెచ్చాడు. స్టాక్‌హోమ్‌లోని యూర్గార్డెన్ దీవి మీద 1891లో స్కాన్సెన్ తెరిచాడు. మోరా నుంచి తెచ్చిన దుంగల ఇల్లు అక్కడి తొలి ఇళ్ళలో ఒకటి. ఇప్పుడక్కడ 150 దాకా కట్టడాలున్నాయి. ‘స్కాన్సెన్’ అంటే స్వీడిష్‌లో చిన్న కోట అని అర్థం, ఆ గుట్ట పాత పేరది. పోలండ్‌లో, హంగరీలో మాత్రం ఇప్పుడా మాటకి అర్థం ఆరుబయట మ్యూజియం అనే. హంగరీ వాళ్ళు తమ జాతీయ ఆరుబయట మ్యూజియాన్నే ‘స్కాన్జెన్’ అంటారు.

హజేలియస్‌కి ముందు ఎవరూ ఇళ్ళు కదపలేదని కాదు. నార్వే, స్వీడన్ రెండిటికీ రాజైన రెండో ఆస్కర్ 1880లలోనే ఓస్లో దగ్గర బిగ్‌డోయ్‌లో కొన్ని పాత కట్టడాలను చేర్పించాడు, గోల్ ఊరి కొయ్య చర్చి అందులోదే. కానీ ఇళ్ళతో పాటు పశువులు, పాత వేషాల్లో మనుషులు, పాటలు, పండగలు కూడా పెట్టి జనాన్ని రప్పించింది స్కాన్సెనే.

నాకు ఇష్టమైన కథ మాత్రం నార్వే పళ్ళ డాక్టరు ఆండర్స్ శాండ్విగ్‌ది. లిల్లేహామర్‌లో ఉంటూ గుడ్‌బ్రాండ్స్‌డాల్ లోయలోని పల్లెలకు వైద్యానికి తిరిగేవాడు. వెళ్ళిన చోటల్లా పాత వస్తువులు పోగు చేసేవాడు. తర్వాత ఇళ్ళు కూడా కొని పెరట్లో నిలబెట్టుకున్నాడు. పెరడు చాలకపోయింది. అదే 1904లో మైహౌగెన్ మ్యూజియం అయింది. రాజులూ పండితులూ జాతి కోసం అని చేసిన పనిని ఈయన ఒక పిచ్చితో చేశాడు. ఇలాంటి మ్యూజియాల్లో సగం ఇలాంటి పిచ్చివాళ్ళ వల్లే మొదలయ్యాయేమో అనిపిస్తుంది.

జాతి అనే మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. 19వ శతాబ్దపు ఐరోపాలో ‘మనం ఎవరం’ అనే ప్రశ్నకు జవాబు రైతు ఇంట్లో దొరుకుతుందని నమ్మారు. పట్టణాల వాళ్ళు కలగాపులగం, పల్లెటూరి వాడు మాత్రం కల్తీ లేనివాడు అని ఒక ఊహ. స్వీడన్ వాళ్ళు ఇప్పుడు జాతీయ దినంగా చేసుకునే జూన్ 6 వేడుకలు 1890లలో స్కాన్సెన్‌లోనే మొదలయ్యాయి. ఏ ఇంటిని తేవాలి, దేన్ని వదిలేయాలి అనే ఎంపిక వెనక ఈ ఊహ చాలాకాలం పనిచేసింది. దీని ఫలితం తర్వాత చెప్తాను.

ఇంటిని ఎలా కదుపుతారు

కొయ్య ఇల్లు కదలడానికి పుట్టినట్టే ఉంటుంది. పాత కొయ్య చట్రాల్లో ఇనుప మేకులు తక్కువ. ఒక దూలంలో బెజ్జం తొలిచి, రెండో దూలం కొసను సన్నగా చెక్కి అందులో దూర్చి, అడ్డంగా చెక్క చీల దిగ్గొడతారు. చీల ఊడదీస్తే కీలు విడిపోతుంది. పైగా ఆనాటి వడ్రంగులు చట్రాన్ని ముందు నేల మీద పరిచి, కీళ్ళన్నీ సరిచూసుకుని, ఏది దేనికి అతకాలో తెలిసేలా రోమన్ అంకెల్లాంటి గీతలు గీసుకునేవారు. ఇన్ని వందల ఏళ్ళ తర్వాత ఇంటిని విప్పేవాడికి ఆ గీతలే దారి చూపిస్తాయి. వాటికి తోడు వీళ్ళు ప్రతి ముక్కకీ ఒక నంబరు కడతారు, కొలతలు తీస్తారు, ఫోటోలు తీస్తారు, కట్టిన వరసకు వెనక నుంచి విప్పుకుంటూ వస్తారు. దూలం కొస పుచ్చిపోతే మొత్తం పారేయరు. పుచ్చినంత మేర కోసి, అక్కడ కొత్త ఓక్ ముక్క అతుకుతారు. కొత్త ముక్క కొత్తగానే కనబడాలి, పాతదానిలా రంగు పూసి మోసం చేయకూడదు అనేది మంచి పనివాళ్ళ పట్టుదల.

ఇల్లు విప్పుతున్నప్పుడే అది ఎక్కువ మాట్లాడుతుంది. కప్పు కింది వాసాలకు నల్లగా మసి పట్టి ఉంటే, ఒకప్పుడు పొగగొట్టం లేదని, నేల మధ్యలో మంట వేసేవారని అర్థం. ఏ దూలమూ దూరని ఖాళీ బెజ్జం కనిపిస్తే అక్కడ ఒకప్పుడు అడ్డగోడ ఉండేదన్నమాట. కలప ఎప్పటిదో చెప్పడానికి చెట్టు వలయాలున్నాయి. వానలు బాగా పడ్డ ఏడు వలయం వెడల్పుగా, కరవు ఏడు సన్నగా ఏర్పడుతుంది. ఒక ప్రాంతంలోని ఓక్ చెట్లన్నిటిలో ఈ వరస దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, తేదీలు తెలిసిన వరసతో పోల్చి చూస్తారు. బెరడు కిందనున్న చివరి వలయం దొరికితే చెట్టు కొట్టిన సంవత్సరం తేలిపోతుంది. ఆ రోజుల్లో ఓక్‌ను పచ్చిగా ఉండగానే చెక్కేవారు కనుక ఇల్లు ఆ తర్వాత ఏడాదికో రెండేళ్ళకో లేచి ఉంటుంది.

గోడల దగ్గర వస్తుంది చిక్కు. తడిక అల్లి మట్టి మెత్తిన గోడ విప్పితే పొడి అయిపోతుంది. మట్టిని మళ్ళీ తడిపి వాడొచ్చు, కానీ దాని మీద తరాల తరబడి వేసిన సున్నం పొరలు, పిల్లలు గీసిన గీతలు, పటం తగిలించిన మేకు గుర్తు అన్నీ పోతాయి. చాలాకాలం వీటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత జర్మనీలోని కొన్ని మ్యూజియాలు గోడను గోడలాగే, ఒక్కోసారి గదిని గదిలాగే, చుట్టూ చట్రం బిగించి ట్రైలర్ల మీద తీసుకెళ్ళడం మొదలుపెట్టాయి. ఖర్చు చాలా ఎక్కువ. కానీ సున్నం, మసి, మరక అన్నీ ఇంటితో పాటే వస్తాయి.

ఏ సంవత్సరపు ఇల్లు

విప్పడం కన్నా తిరిగి కట్టడంలోనే తగువులెక్కువ. నాలుగు వందల ఏళ్ళ ఇల్లు నాలుగు వందల ఏళ్ళూ ఒకేలా ఉండదు. తాత పొగగొట్టం కట్టిస్తాడు, మనవడు కిటికీలకి అద్దాలు పెట్టిస్తాడు, ఆ తర్వాతి తరం కరెంటు తెస్తుంది. మ్యూజియం వీటిలో ఏది ఉంచాలి? బేలీఫ్‌కు 1540 ఎంచుకున్నారు. అందుకే అక్కడ నడిమి హాల్లో నేల మీద మంట, అద్దాల్లేని కిటికీలు. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్ళకు పైగా అందులో కాపురాలు చేసినవాళ్ళ చేర్పులన్నీ పోయాయి. ఇల్లు ‘మొదటి అందం’లోకి వచ్చింది, కానీ వాళ్ళంతా ఆ ఇంట్లోంచి ఖాళీ అయిపోయారు.

వేల్స్‌లో 1948లో తెరిచిన సెయింట్ ఫేగన్స్ మ్యూజియం ఈ చిక్కుకు తెలివైన జవాబు చెప్పింది. మెర్తిర్ టిడ్‌ఫిల్ అనే ఇనుప పరిశ్రమ పట్టణం నుంచి రిడ్-అ-కార్ అనే కార్మికుల ఇళ్ళ వరస తెచ్చారు. గోడ గోడకూ ఆనుకున్న ఆరు ఇళ్ళు. వాటిని ఒకే కాలానికి కుదించకుండా ఒక్కో ఇంటినీ ఒక్కో సంవత్సరంలో ఆపారు: 1805, 1855, 1895, 1925, 1955, 1985. ఒక గుమ్మంలోంచి బయటికొచ్చి పక్క గుమ్మంలోకి వెళ్తే యాభై ఏళ్ళో ముప్ఫై ఏళ్ళో గడిచిపోతాయి. చివరి ఇంట్లో టీవీ ఉంటుంది. 1985 కూడా మ్యూజియం సరుకేనా అని నవ్వేవాళ్ళు ఉంటారు. నా మట్టుకు ఆ వరసలో అన్నిటికన్నా నిజాయితీ గల ఇల్లు అదే. ఎందుకంటే గతం ఎక్కడో ఒక మంచి రోజున ఆగిపోలేదని అది చెప్తుంది.

అదే మ్యూజియం సెయింట్ టీలో చర్చి విషయంలో మాత్రం వేరే దారి తొక్కింది. విప్పుతుంటే సున్నం పొరల కింద మధ్యయుగపు గోడ బొమ్మలు బయటపడ్డాయి. వాటిని ఊడదీసి భద్రపరిచి, తిరిగి కట్టిన చర్చిని 1530 ప్రాంతంలో ఉన్నట్టుగా కొత్త రంగులతో నింపారు. పని పూర్తవడానికి 20 ఏళ్ళు పట్టింది, 2007లో తెరిచారు. పాతకాలం అంటే రంగు వెలిసి బూడిదగా ఉండాలనుకునే మన కంటికి ఆ ఎరుపులు, పసుపులు కాస్త కొట్టొచ్చినట్టే ఉంటాయి. కానీ 1530లో అవి పాతవి కావు కదా.

ఇళ్ళను కదపడాన్నే తప్పుపట్టేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ వాదనకు బలముంది. పాత కట్టడాల సంరక్షణ గురించి నిపుణులు 1964లో రాసుకున్న వెనిస్ చార్టర్ ఏడో అధికరణం ప్రకారం కట్టడాన్ని అది ఉన్న చోటు నుంచి విడదీయకూడదు, దాన్ని కాపాడుకోవడానికి తప్పనిసరైతేనో, చాలా ముఖ్యమైన జాతీయ, అంతర్జాతీయ ప్రయోజనం ఉంటేనో తప్ప కదపకూడదు. ఇల్లంటే దాని వాలు, దాని గాలి, దాని బావి, ఎదురింటి గుమ్మం. కొండ వాలుకు వెన్ను ఆనించి కట్టిన ఇంటిని చదును నేల మీద పెడితే, ఆ ఇంటికి వెనక గోడ అంత మందంగా ఎందుకుందో ఇక ఎవరికీ తెలియదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ‘మ్యూజియం వాళ్ళు తీసుకెళ్తారులే’ అనే ధీమా ఉంటే, ఉన్న చోట ఇంటిని కూలగొట్టడం తేలికైపోతుంది. అందుకే ఇప్పుడు చాలా మ్యూజియాలు ఇల్లు ఇస్తామన్నా ముందు వద్దంటాయి, అక్కడే నిలబెట్టుకునే దారి చూడమంటాయి.

కదపకుండానే నడిచేవి కొన్ని ఉన్నాయి. జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్‌లోని గుటాఖ్‌లో 1612లో కట్టిన ఫోగ్ట్స్‌బావర్న్‌హోఫ్ అనే పెద్ద రైతు ఇల్లు పుట్టిన చోటే ఉంది. 1964లో దాని చుట్టూనే మ్యూజియం పెట్టి, మిగతా ఇళ్ళను దాని దగ్గరికి తెచ్చారు. భోపాల్‌లోని మానవ సంగ్రహాలయం పూర్తిగా వేరే దారి పట్టింది. అక్కడ ఎక్కువగా పాత ఇంటిని మోసుకురారు, ఆ ఇల్లు కట్టే జనమే వచ్చి తమ పద్ధతిలో కట్టి వెళ్తారు. కలప పాతది కాదు, చెయ్యి పాతది. ఐరోపా వాళ్ళు దీన్ని నకలు అనొచ్చు. ఏది అసలు అనే ప్రశ్నకు ప్రపంచమంతా ఒకే కొలత పనికిరాదని 1994లో జపాన్‌లోని నారాలో నిపుణులు కూడా ఒప్పుకుని ఒక పత్రం రాసుకున్నారు.

ఎవరి ఇల్లు మిగిలింది

ముందు చెప్తానన్న సంగతి ఇది. మ్యూజియానికి చేరిన ఇళ్ళు సాధారణంగా బాగా కట్టినవి. బాగా కట్టుకోగలిగింది ఉన్నవాడే. పది మందికి పని ఇచ్చిన రైతు ఇల్లు నాలుగు శతాబ్దాలు నిలిచింది, ఆ పది మంది గుడిసెలు రెండు తరాలు కూడా ఆగలేదు. అందుకని ఈ మ్యూజియాల్లో తిరిగితే పూర్వం అందరూ ఓక్ దూలాల కింద హాయిగా బతికారనిపిస్తుంది. దానికి తోడు ఇప్పటి శుభ్రత. పేడకుప్ప లేదు, ఈగల్లేవు, దగ్గుతున్న పిల్లల్లేరు. ఏ మ్యూజియమూ చూపలేనిది బహుశా ఇదే: చలికాలంలో పశువులతో ఒకే కప్పు కింద పడుకున్న కుటుంబం ఇంట్లో వాసన.

దీన్ని సరిదిద్దే ప్రయత్నాలు జరిగాయి. స్కాన్సెన్‌లోనే ‘స్టాటారే’ల ఇళ్ళ వరస ఒకటి ఉంది. వీళ్ళు ఏడాది కట్టుబడి మీద పెద్ద ఎస్టేట్లలో కుటుంబమంతా పనిచేసిన కూలీలు, జీతంలో ఎక్కువ భాగం సరుకు రూపంలోనే ఇచ్చేవారు. స్వీడన్‌లో ఆ పద్ధతి 1945 దాకా సాగింది. లిథువేనియాలోని రుమ్‌షిష్కేస్ మ్యూజియంలో ముచ్చటైన రైతు లోగిళ్ళ మధ్య ఒక రైలు పెట్టె, మట్టి కప్పిన ఒక గుడిసె ఉన్నాయి. స్టాలిన్ కాలంలో జనాన్ని సైబీరియాకు తరలించిన పెట్టె అది, అక్కడ వాళ్ళు తలదాచుకున్న గుడిసెకు నమూనా ఇది. రైతు జీవితం అన్నాక ఇంటి నుంచి తరిమేయడం కూడా అందులో భాగమే కదా.

రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 1936లో దిమిత్రీ గుస్తీ అనే సామాజిక శాస్త్రవేత్త తెరిచిన పల్లె మ్యూజియం సంగతి ఇంకా విచిత్రం. అక్కడి ఇళ్ళను వాటి ఊళ్ళ నుంచి వచ్చిన రైతులే నిలబెట్టారు. నాలుగేళ్ళకు రొమేనియాలోని బెస్సరేబియా, ఉత్తర బుకోవినా ప్రాంతాలు సోవియట్ యూనియన్ చేతికి పోవడంతో పారిపోయి వచ్చిన కుటుంబాలకు ఆ మ్యూజియం ఇళ్ళలోనే చోటిచ్చారు. ఇళ్ళు మళ్ళీ ఇళ్ళయ్యాయి. సామాను పాడైందని తర్వాత చరిత్రకారులు బాధపడ్డారు, అదీ న్యాయమే.

కొలిమి, మగ్గం, కప్పు

ఇక చేతిపనులు. ప్రతి మ్యూజియంలోనూ కమ్మరి ఒకాయన కొలిమి దగ్గర కొక్కెం సాగదీస్తుంటాడు, పక్కన మగ్గం ఆడుతుంటుంది, కుమ్మరి సారె తిరుగుతుంటుంది. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. చూడాల్సిందే. కానీ ఒక తేడా ఉంది. పాత కమ్మరి రోజుకు వందల మేకులు కొట్టాలి, లేకపోతే ఇల్లు గడవదు. ఆ వేగంలో పుట్టిన ఒడుపు వేరు: ఎన్ని దెబ్బలకు కొన వస్తుందో, ఇనుము ఏ రంగులో ఉండగా తీయాలో చెయ్యే చెప్తుంది. గంటకో కొక్కెం చేస్తూ, మధ్యలో ప్రశ్నలకు జవాబులిచ్చే ఆయన ఎంత నేర్పరి అయినా ఆ ఒడుపులో సగం ఆయనకు దక్కదు. అవసరం లేని పని ప్రదర్శన అయిపోతుంది.

అందుకే మ్యూజియానికి నిజంగా అవసరమైన పనుల్లోనే చేతిపని నిలబడుతుంది. అన్నిటికన్నా ముందు, కప్పు.

గడ్డి కప్పు వేసింది వేసినట్టు ఉండదు. గోధుమ గడ్డితో నేసినదైతే ఇరవై ఏళ్ళు అటూ ఇటూ, రెల్లుతో నేసినదైతే ఇంకొంచెం ఎక్కువ. తర్వాత మళ్ళీ నేయాలి. నేసేవాడు కావాలి, సరే. గడ్డి ఎక్కణ్ణుంచి వస్తుంది? 20వ శతాబ్దం రెండో సగంలో గోధుమను పొట్టి చేశారు, గింజ బరువుకు పడిపోకుండా. పొట్టి గడ్డి కప్పుకు పనికిరాదు. ఎరువు ఎక్కువైన గడ్డి పెళుసుగా ఉంటుంది. కంబైన్ హార్వెస్టర్‌లో పడిన గడ్డి నలిగి ముక్కలైపోతుంది. కాబట్టి మారిస్ విడ్జన్ లాంటి పొడుగు రకాలను కప్పుల కోసమే ఇప్పటికీ వేస్తున్నారు, కాడ విరగకుండా పాత తరహా యంత్రంతో కోసి కట్టలు కడుతున్నారు. ఒక్క కప్పును కాపాడాలంటే ఒక విత్తనాన్ని, ఒక పొలాన్ని, ఒక కోత పద్ధతిని కూడా కాపాడాలన్నమాట. వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్‌లో కొయ్య చట్రం కట్టడం, సున్నం పని లాంటివి బయటివాళ్ళకి కోర్సులుగా నేర్పిస్తారు. అలా నేర్చినవాళ్ళు మ్యూజియం బయట, జనం ఇంకా కాపురముంటున్న పాత ఇళ్ళను బాగుచేయగలరు. మ్యూజియంలోని ఇళ్ళ కన్నా ఆ నేర్పు ఎక్కువ ఇళ్ళను నిలబెట్టగలదని నాకనిపిస్తుంది.

అయితే నేర్పు ఒక్కటే ఉన్నా చాలదని జపాన్ కప్పులు చెప్తాయి. షిరకావా ప్రాంతంలోని గష్షో ఇళ్ళకు రెండు చేతులు జోడించినట్టు నిటారుగా లేచే పెద్ద గడ్డి కప్పులుంటాయి, మేకులు లేకుండా తాళ్ళతో కట్టినవి. ముప్ఫై, నలభై ఏళ్ళకోసారి తిరిగి నేయాలి. అది ఏ ఒక్క కుటుంబం వల్లా అయ్యేది కాదు. ‘యుయి’ అనే పద్ధతిలో ఊరంతా దిగుతుంది, వంద మందికి పైగా కప్పెక్కి ఒక్క రోజులో ఒక వైపు నేసేస్తారు. ఈ ఏడు నీ ఇల్లు, వచ్చే ఏడు నా ఇల్లు. 1961లో పూర్తయిన మిబోరో డ్యామ్ కింద ఒక లోయ మునిగినప్పుడు కొన్ని ఇళ్ళను విప్పి తకయామా మ్యూజియానికి తీసుకెళ్ళారు. దూలాలు వెళ్ళాయి, తాళ్ళు వెళ్ళాయి. ‘వచ్చే ఏడు నా ఇల్లు’ అనే మనిషి వెళ్ళలేదు. అక్కడ కప్పు నేయాలంటే బడ్జెట్ కావాలి, కూలి కట్టి పనివాళ్ళను పిలవాలి.

ఆ ఇళ్ళలో పొగగొట్టాలు ఉండవు. నేలలో చతురస్రంగా చేసిన ‘ఇరోరి’లో మంట వేస్తే పొగ అటకల మీదుగా పైకి పోయి గడ్డిలో ఇంకుతుంది. పొగకు పురుగు చేరదు, తేమ ఆరిపోతుంది, తాళ్ళు నల్లబడి గట్టిపడతాయి. మనుషులు వెళ్ళిపోయి మంట ఆరిన ఇంట్లో కప్పు త్వరగా కుళ్ళుతుంది. కొయ్య ఇళ్ళ మ్యూజియాలన్నీ భయపడేది నిప్పుకే. అయినా 1967లో కవాసాకిలో తెరిచిన నిహోన్ మింకాయెన్ అనే ఆరుబయట మ్యూజియంలో వలంటీర్లు వంతులవారీగా పాత ఇళ్ళలో ఇరోరి వెలిగిస్తారు. చూడడానికి వచ్చినవాళ్ళు మంట చుట్టూ కూర్చుంటారు, కాసేపటికి కళ్ళు నలుపుకుంటూ లేస్తారు. ఇంటికెళ్ళాక కూడా చొక్కాల్లో ఆ పొగ వాసన ఉంటుంది.